ఆరని గింజల జగన్నాధం

జగన్నాధానికి లోకంలో ఏదీ ఆరినట్టు కనిపించదు. ఆయనకున్న జబ్బల్లా అదొక్కటే. మిగతా విషయాల్లో మనలాంటి మనిషే. వేళకి తింటాడు, వేళకి పడుకుంటాడు, క్రికెట్ చూస్తూ టీవీని తిడతాడు. తడి అన్న మాట వచ్చేసరికి మాత్రం ఆయన దారి వేరు. రోహిణి కార్తె ఎండలో డాబా మీద నాలుగు రోజులు మాడిన అప్పడాన్ని కూడా చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర ఆడించి, పెదవి విరిచి, "ఇంకా ఆర్నేదు" అంటాడు.

ఆయన భార్య తాయారు పెళ్ళయిన కొత్తలో దీన్ని శుభ్రత అనుకుంది. తర్వాత చాదస్తం అనుకుంది. ఇప్పుడు వాతావరణం కింద జమకట్టేసింది. "ఉక్కపోత ఉన్నాది, ఈదురుగాలి ఉన్నాది, మా ఆయన ఉన్నాడు. ఏటి సేస్తాం?" అంటుంది.

ఒకసారి బొబ్బిలిలో మేనల్లుడి నిశ్చితార్థానికి బయల్దేరారు. ఇస్త్రీ చేసి పెట్టిన చొక్కా కాలరు కింద ఆయనకి చెమ్మ తగిలింది. తీసుకెళ్ళి మళ్ళీ తీగ మీద ఆరేశాడు. ఈలోగా బస్సు హారను కొట్టింది. తాయారు ఆయన్ని బనీను మీదే బస్సెక్కించి, పైన కండువా కప్పింది. బొబ్బిలిలో పెళ్ళికూతురి తరఫువాళ్ళు ఆయన ఏదో మొక్కులో ఉన్నాడనుకుని వరసగా వచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టారు. ఆయన కాదనలేదు. అందరినీ దీవించి, చేతికిచ్చిన తాంబూలంలో వక్క తీసి చెవి దగ్గర ఆడించి చూశాడు.

ఎన్నికల రోజున వేలికి సిరా పూస్తే, అది ఆరేదాకా పోలింగు గదిలోంచి కదలనన్నాడు. గుమ్మంలో నిలబడి వేలెత్తి ఊదుకుంటూ ఉంటే, అదేదో సైగ అనుకుని రెండు పార్టీల ఏజెంట్లూ ఆయన మీద ఫిర్యాదు చేశారు. పక్కింటి ఎర్రన్న గృహప్రవేశంలో గోడ మీద అరచెయ్యి ఆనించి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "రంగు ఆర్నేదురా ఎర్రన్నా" అన్నాడు. రంగు వేసి నెల దాటింది. అయినా ఎర్రన్న అత్తగారు కొత్త పట్టుచీర పాడవుతుందని పొద్దున్నుంచి భోజనాలదాకా హాలు నడిమధ్యన, దేనికీ ఆనుకోకుండా, ధ్వజస్తంభంలా నిలబడిపోయింది.

ఇలాంటి మనిషి బతుకుతెరువు కోసం ఎంచుకున్న పనేమిటంటే, గింజలు ఆరబెట్టి అమ్మడం.

భోగాపురం దాటి సముద్రం వైపు కొంత దూరం వెళితే ఆయన ఇల్లు, ఇంటి ముందు పొలమంత కళ్ళం. ఆయన అమ్మేవి వరి, వేరుశనగ విత్తనాలు కావు. గట్ల మీదా, మెట్టల మీదా తమంతట తాము పెరిగే మన చెట్ల గింజలు. కానుగ, మద్ది, వావిలి, తంగేడు, వెంపలి. పట్నాల్లో బోసిపోయిన నేలల్ని మళ్ళీ పచ్చగా చెయ్యాలనుకునేవాళ్ళు ఆయన్ని వెతుక్కుంటూ వస్తారు. ఎచ్చెర్ల వైపు నుంచి వస్తారు, విశాఖపట్నం నుంచి వస్తారు. గింజ మంచిది కాబట్టి వస్తారు. ఎప్పుడిస్తాడో తెలియదు కాబట్టి వచ్చినప్పుడల్లా క్యారేజీ కట్టుకుని వస్తారు.

సుహాసిని ఆయన దగ్గరికి మొదటిసారి వచ్చింది శివరాత్రి వెళ్ళాక. విజయనగరంలో ఇళ్ళ మధ్యగా పారే పాత గెడ్డ ఒకటి చెత్తతో పూడిపోతే, పూడిక తీసి గట్లు సరిచేశారు. ఆ గట్ల మీద పచ్చదనం తెచ్చే పని ఒక చిన్న సంస్థకి దక్కింది. సుహాసిని అందులో ఉద్యోగం చేస్తోంది. శ్రీకాకుళం వైపు అమ్మాయి, మొక్కల చదువు చదువుకుంది. కిందటేడు ఎక్కడినుంచో లారీలో దింపి నాటిన అందమైన మొక్కలు ఒక్క వేసవికే అగ్గిపుల్లల్లా మిగిలాయి. "ఈ నేల మీద పుట్టి, ఈ ఎండా ఈ ఉప్పుగాలీ తిని బతికిన చెట్ల గింజలే చల్లుదాం సార్" అని ఆమె తన పై అధికారి తిరుమలరావుని వెంటపడి వేధించి ఒప్పించింది.

తిరుమలరావు జగన్నాధానికి పూర్తిగా ఎదురు మనిషి. ఆయనకి అన్నీ నిన్నటికే కావాలి. పెళ్ళి శుభలేఖ అందితే ఆ రోజే వెళ్ళి భోజనానికి కూర్చోగల మనిషి.

"మే నెల మొదట్లో ఇచ్చీస్తాను మేడమ్ గోరూ, మీకేటి బెంగొద్దు" అని ఆ మొదటిసారే సుహాసినికి మాటిచ్చాడు జగన్నాధం.

మే మొదట్లో సుహాసిని స్కూటరేసుకుని వచ్చింది. కళ్ళం నిండా బరకాలు పరిచి ఉన్నాయి. వాటి మీద గింజల కుప్పలు. పక్కనున్న జాలరి పాలెం నుంచి వచ్చిన ఆడవాళ్ళు వరసగా కూర్చుని కాయలు కొడుతున్నారు, చేటలతో చెరుగుతున్నారు, కబుర్లు చెప్పుకుంటున్నారు. వాళ్ళకి పెద్ద మరిడమ్మ. ఆమె మామూలుగా మాట్లాడినా రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆగి, తమనే పిలిచిందేమోనని తిరిగి చూస్తారు.

"జగన్నాధం గారూ, లారీ ఎప్పుడు పంపమంటారు?"

ఆయన ఒక కానుగ గింజ తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఫోనులో అవతలి మాట సరిగ్గా వినపడనట్టు కనుబొమలు ముడిచి, రెండో చెవికి మార్చాడు.

"ఏమంటోందండీ?"

"ఇంకా ఆర్నేదంటంది."

వారం పోయాక మళ్ళీ వచ్చింది. ఆడవాళ్ళు వెంపలి గింజలు ఒకవైపు, తంగేడు గింజలు ఒకవైపు ఏరి పోస్తున్నారు. కిందటిసారి వచ్చినప్పుడూ వాళ్ళు ఇదే ఏరుతున్నారని సుహాసినికి గుర్తొచ్చింది.

"అప్పుడు వేరు చేసిన కుప్పలు ఏమయ్యాయండీ?"

"గాలికి కలిసిపోనాయి."

"అంత పెద్ద కుప్పలు, గాలికా?"

"మా ఊరి గాలి మీకు తెలీదు" అన్నాడు జగన్నాధం, ఆకాశం వైపు చూసి, గాలి తరఫున సిగ్గుపడుతున్నట్టు.

"మరి ఎండ ఇలా మండిపోతోంది కదా. ఎందుకు ఆరడం లేదు?"

"పైకి ఆరినట్టుంటాది. లోపల సెమ్మ దాక్కుంటాది. గింజ బలే దొంగది మేడమ్ గోరూ."

అక్కడ తిరుమలరావు ఫోను మీద ఫోను. గెడ్డ గట్టు మీద విత్తనాలు చల్లే పండగ నెలాఖరున పెట్టేశాడు. ఎవరో పెద్దమనిషి వస్తున్నాడు. షామియానాకి ముందే చెప్పేశాడు. "సోమవారానికి గింజలు రాకపోతే మళ్ళీ బయట్నుంచి లారీ మొక్కలే తెప్పిస్తాను. నువ్వూ నీ కానుగలూ!" అన్నాడు.

సుహాసినికి నిద్ర పట్టలేదు. ఆ లారీ మొక్కలు మళ్ళీ వస్తే మళ్ళీ వేసవికి అవి చచ్చిపోతాయి. ఆ తర్వాత ఇక ఆ గట్టు మీద ఎవరు ఏం నాటుతామన్నా ఊళ్ళోవాళ్ళు నవ్వుతారు. మర్నాడు ఆఫీసులో ఉన్న తేమ కొలిచే మీటరు పట్టుకుని వచ్చింది. చిన్న డబ్బా. అందులో గింజలు పోసి మూత పెడితే లోపల తడెంతో చెబుతుంది.

కానుగ పోసింది. మద్ది పోసింది. తంగేడు పోసింది. అన్నీ ఆరడం కాదు, ఆరి చాలా కాలమయింది. కళ్ళంలో చేటల చప్పుడు ఆగిపోయింది. ఆడవాళ్ళంతా తలలు వంచుకుని గింజలకేసి చూస్తున్నారు.

"చూడండి, ఎంత పొడిగా ఉన్నాయో!"

జగన్నాధం డబ్బాని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది ఏ ఊరిదమ్మా?"

"హైదరాబాదు నుంచి తెప్పించాం."

"అదీ సంగతి! అక్కడ గాలి పొడి. దీనికి మన సెమ్మ సంగతి ఏటి తెలుస్తాది? ఇక్కడ పుట్టినవే ఇక్కడ పనికొస్తాయని మొదట వొచ్చినప్పుడు మీరే కదా సెప్పినారు?"

సుహాసిని మాటే తెచ్చి ఆమెకి అడ్డం పెట్టాడు. నోరు తెరిచేలోగా ఆయన నూతి దగ్గర ఏదో పని ఉన్నట్టు వెళ్ళిపోయాడు. ఆ నూతి దగ్గర ఆయనకి ఏ పనీ లేదు. కాసేపు నూతిలోకి చూస్తూ నిలబడ్డాడంతే.

ఇంటికి వెళ్ళేదారిలో ఆమెకి అనుమానం గట్టిపడింది. ఈయన చాదస్తుడే, కాదనలేం. కానీ మీటరు చూడగానే ఆయన ముఖం చాదస్తుడి ముఖంలా లేదు, దొరికిపోయినవాడి ముఖంలా ఉంది.

మర్నాడు తెల్లవారుతూండగానే, ఫోను చెయ్యకుండా, స్కూటరు రోడ్డు మీదే ఆపేసి నడిచి వచ్చింది. పాలెం ఆడవాళ్ళు ఇంకా రాలేదు. కళ్ళంలో జగన్నాధం ఒక్కడే ఉన్నాడు. పంచె ఎగ్గట్టి, ముందురోజు ఆడవాళ్ళు కష్టపడి వేరు చేసిన తంగేడు కుప్పనీ వెంపలి కుప్పనీ పారతో ఒకదాన్లోకి ఒకటి దొర్లించి, శుభ్రంగా కలిపేస్తున్నాడు.

కోపమొస్తే సుహాసినికి చదువుకున్న మాట పోయి ఊరి మాట వచ్చేస్తుంది.

"ఏటి సేస్తన్నారండీ?"

జగన్నాధం పార ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. పారలోంచి గింజలు జారుతున్నాయి.

"గాలి..." అన్నాడు నీరసంగా.

అప్పుడే తాయారు కాఫీ గ్లాసులతో బయటికొచ్చింది. సుహాసినిని చూసి ఆమె ఆశ్చర్యపోలేదు. ఎప్పుడో ఒకప్పుడు రావలసిన చుట్టం వచ్చినట్టు ఒక గ్లాసు ఆమె చేతికిచ్చి, మొగుడి వైపు తిరిగింది. "సెప్పీ. ఇంకెన్నాల్లు ఇలగ పార పట్టుకుని గాలి పని సేస్తావు?"

జగన్నాధం పార కిందపెట్టాడు. కాసేపు చేతులు దులుపుకున్నాడు. తర్వాత సముద్రం వైపు చెయ్యి చూపించాడు.

"ఏప్రిలు మజ్జినుంచి జూను మజ్జిదాకా ఇంజిను పడవలు సేపల యాటకెళ్ళకూడదు కదమ్మా. సేపలు గుడ్లెట్టే కాలం. పడవలన్నీ ఇసకలో బోర్లా పడున్నాయి. మొగోలు ఆటి నీడలో పేకాడతన్నారు. ఆడోలకి అమ్మడానికి సేప నేదు. ఆ రెండు నెల్లూ పొయ్యి ఎలగ ఎలుగుతాది? నా దగ్గర పని ఏప్రిలు ఆకరికే అయిపోనాది. అందుకే..."

"అందుకే ఆరలేదంటున్నారా?"

"ఆర్నంతసేపూ తిప్పాలి కదా. కలిసిపోతే ఏరాలి కదా."

"ఆ డబ్బేదో ఊరికే సాయంగా ఇవ్వచ్చు కదండీ?"

"ఓ ఏడు బియ్యం పంపించేను" అన్నాడు జగన్నాధం. "మరిడమ్మ ఆ బస్తా నెత్తినెట్టుకుని తిరిగొచ్చి, నా గుమ్మంలో దించి, దాని మీద పేద్ద ఎండు వంజరం సేపొకటి ఎట్టి, మాటాడకండా ఎల్లిపోనాది. అప్పుట్నుంచి ఆ తప్పు సెయ్యనేదు. పనైతే రోసంగా వస్తారు."

సుహాసిని కాఫీ తాగడం మర్చిపోయింది. ఈయన్ని తిట్టుకుంటూ ఎన్నిసార్లు ఈ రోడ్డు మీద స్కూటరు నడిపింది! తిరుమలరావు పెట్టిన గడువు సంగతి చెప్పింది. విని ఆయన కళ్ళంలో గింజలన్నిటినీ ఒకసారి కలయజూశాడు.

"గింజలు పట్టుకెల్లిపోండమ్మా. మీ గట్టు ఎండిపోతే నాకూ మంచిది కాదు. ఒక్కటే. వాలకి మాత్రం సెప్పకండి. ఉత్తి పని కల్పించేనని తెలిస్తే మరిడమ్మ మల్లీ ఈ గుమ్మం తొక్కదు. ఒట్టెయ్యండి."

సుహాసిని ఒట్టేసింది.

స్కూటరు దగ్గరికి నడుస్తూంటే పాలెం ఆడవాళ్ళు ఎదురయ్యారు. మరిడమ్మ మిగతావాళ్ళని ముందుకి పంపేసి, సుహాసిని రెక్క పట్టుకుని కంచె పక్కకి లాక్కెళ్ళింది. జన్మలో మొదటిసారి గొంతు తగ్గించింది. అయినా కంచె మీద కాకి ఎగిరిపోయింది.

"అమ్మా, ఆ డబ్బా పట్టుకుని ఆయన్ని అలగ బెదిరించకు. అబద్దం ఆడ్డం రాదు పాపం. నిన్న రేత్రి అన్నం తిన్నేదంట."

"అబద్ధమా?" అంది సుహాసిని, ఒట్టు గుర్తొచ్చి అమాయకంగా.

"గింజలు ఆరిపోయి పదేను రోజులు దాటిపోనాది కదా."

"మీకెలా తెలుసు?"

"ఓలమ్మో! మేం ఎండుసేపలోలం తల్లీ. పుట్టిన్నాటినుంచి ఎండబెట్టడవే మా పని. నెత్తల్ల సేపలు ఎప్పుడు తిప్పాలో, ఎప్పుడెత్తాలో కల్లు మూసుకుని సెప్తాం. మాకొచ్చి ఆర్నేదని సెప్తాడు, పిచ్చి బాబు!"

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నారు?"

మరిడమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "పని కావాలి, కాదన్ను. ఇల్లు గడవాలి కదా. కానీ ఆయన ముకం సూసేవా? మాకు అనుమానం రాకండా పొద్దున్నే నేచి, ఆ వొయిసులో పార పట్టుకుని కలుపుతాడు. అంత కష్టపడి మోసం సేత్తంటే, మోసపోకపోతే బాగుంటాదా? ఉత్తి కూలి తినడం సిగ్గేసి, ఆయన సూడకండా మేమూ ఏదో ఒకటి సేస్తన్నాం. పెరడు తవ్వీసేం. ఇదిగో, ఈ కంచె అల్లీసేం. మేకలు రావడం మానీసేయని, ఆటికి బుద్దొచ్చిందని మురిసిపోతన్నాడు. మాకు తెలుసని ఆయనకి సెప్పకు. ఒట్టెయ్యి."

సుహాసిని రెండో ఒట్టు కూడా వేసింది. వేస్తూ ఆ కంచె వైపు చూసింది. కర్రల మధ్య కొబ్బరితాడుతో అల్లిన వల. కన్ను కన్నూ ఒక్క కొలతలో ఉంది. ఎక్కడా ముడి జారలేదు. పట్టుకుని గుంజింది. కదల్లేదు.

"ఇది మీరే అల్లారా?"

"మేవూ, మా మొగోలూ. యాట నేనప్పుడు సేతులు ఊరుకోవు కదా."

గెడ్డ గట్టు ఏటవాలుగా ఉంటుంది. గింజలు చల్లాక వాన పడితే మట్టితో పాటు గింజలూ కొట్టుకుపోతాయి. అలా పోకుండా పైన కొబ్బరిపీచు వల పరవాలి. ఆ వలలు తెప్పించడానికి తిరుమలరావు ఎప్పుడో కబురు పెట్టాడు. అవి జూను దాటితేగాని రావని జవాబొచ్చినప్పట్నుంచి ఆయన ఆఫీసులో అందరి మీదా కేకలేస్తున్నాడు. సుహాసిని అక్కడే కంచె పట్టుకుని నిలబడి ఫోను చేసింది.

"సార్, గింజలు సోమవారం వస్తాయి. పైన పరిచే వలలు కూడా ఇక్కడే అల్లిస్తాను. పుట్టిన దగ్గర్నుంచీ వలలతో బతుకుతున్నవాళ్ళు ఉన్నారు. గట్టు పొడుగునా కావాలి కాబట్టి పని జూను మధ్యదాకా ఉంటుంది. చల్లిన చోటల్లా వెంటనే పరిచేయచ్చు."

"ఎప్పట్నుంచి మొదలెడతారు?"

"ఇవాళ్టినుంచి సార్."

"నిన్నట్నుంచి కుదరదా?" అన్నాడు తిరుమలరావు. అంటే ఒప్పుకున్నట్టే.

సుహాసిని తిరిగి కళ్ళంలోకి వెళ్ళి అందరికీ వినపడేలా చెప్పింది. మగవాళ్ళు కూడా కావాలని, తాడు తను పంపిస్తానని, గింజలు చల్లడానికీ వాళ్ళే విజయనగరం రావాలని. జగన్నాధం నోరు తెరుచుకుని విన్నాడు. విన్నాక చిన్నగా దగ్గి, వంగి, ఒక కానుగ గింజ తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఆరిపోనాది!" అన్నాడు.

వంటింట్లోంచి తాయారు పరుగెత్తుకుంటూ బయటికొచ్చి, ముందు ఆకాశం వైపు చూసింది, తర్వాత మొగుడి నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది. మరిడమ్మ మాత్రం చేట పక్కన పెట్టి, "అమ్మయ్య, ఇన్నాల్టికి ఆరిందేటి బాబూ! మేం ఎంత బెంగెట్టుకున్నామో!" అని గుండె మీద చెయ్యేసుకుంది. వెనకున్న ఆడవాళ్ళంతా ఒకేసారి కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

పేకముక్కలు ఇసకలో వదిలేసి మగవాళ్ళు వచ్చారు. కళ్ళం నిండా తాడే తాడు. నెలాఖరున గెడ్డ గట్టు మీద షామియానా కింద ఆ పెద్దమనిషి గుప్పెడు గింజలు చల్లి, ఫోటో దిగి వెళ్ళిపోయాడు. మిగతా గట్టంతా పాలెం ఆడవాళ్ళు చల్లారు. చీరలు ఎగ్గట్టి, ఏటవాలు మీద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగుతూ, వెనకనే వల పరుచుకుంటూ వచ్చారు. జూను మొదటి వారంలో, పని ఇంకా సాగుతూండగానే వాన కురిసింది. గెడ్డలో నీళ్ళు ఎర్రగా పారాయి గాని, వల కింద మట్టి మాత్రం కదల్లేదు.

వేట మొదలయ్యే ముందురోజున అందరూ ఆటోలు కట్టించుకుని గట్టు చూడ్డానికి వచ్చారు. వల కన్నుల్లోంచి వెంపలీ తంగేడూ సన్నటి ఆకులతో పైకొచ్చాయి. అక్కడక్కడా కానుగ మొలకలు రాగిరంగు ఆకులు విప్పుతున్నాయి. తిరుమలరావు మొలకల ముందు నిలబడి, చెట్లు ఎప్పుడవుతాయని వాటినే అడిగేటట్టున్నాడు.

జగన్నాధం మెల్లిగా సుహాసిని పక్కకొచ్చి చేరాడు. "వాలకి తెలీదు కదా?"

"అస్సలు తెలీదు" అంది సుహాసిని.

ఆయన తృప్తిగా అటు వెళ్ళగానే ఇటునుంచి మరిడమ్మ వచ్చింది. "ఆయనకి అనుమానం రానేదు కదా?"

"రాలేదు మరిడమ్మా."

ఆ తర్వాత ఆ ఇద్దరూ గట్టు మీద పక్కపక్కనే నిలబడి, చాలా పెద్దమనిషి తరహాలో మాట్లాడుకున్నారు.

"ఈ ఏడు ఎండలు సరిగ్గా కాయనేదు మరిడమ్మా. సెమ్మ ఎక్కువైపోనాది."

"అవును బాబూ. నానూ అదే అనుకుంటన్నాను. వొచ్చే ఏడు ఇంకా ఎక్కువుంటాదేటో?"

"ఉంటాది" అన్నాడు జగన్నాధం, ఎంతో బాధగా. "తప్పదు."

ఆ ఏడు కాసిన ఎండలకి విజయనగరం రోడ్ల మీద తారు కరిగి చెప్పులకి అంటుకుంది. సుహాసిని గబగబా గట్టు కిందికి దిగి, ఒక కానుగ మొలక ముందు గొంతుక్కూర్చుని, దాన్ని పరీక్షిస్తున్నట్టు తల వంచి, చున్నీ నోట్లో కుక్కుకుంది. నవ్వు కాస్త అణిగాక తలెత్తి చూస్తే, పైన ఆటో పక్కన నిలబడి తాయారు తనవైపే చూస్తోంది. ఆవిడ అటు మొగుణ్ణీ ఇటు మరిడమ్మనీ ఒకసారి చూసి, నవ్వు దాచుకుంటూ, నోటి మీద వేలు పెట్టుకుంది.